చర్మం మెత్తబడింది సరే, ఊపిరితిత్తుల మాటేమిటి?

సంపాదకులకు,

నమస్కారం. ఈమధ్య మీ ఆరోగ్య పేజీలో స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) మీద వచ్చిన ప్రశ్న–జవాబు చదివాం. అందులో రెండు మాటల దగ్గర ఆగిపోయాం. ‘ఇది అరుదైన చర్మవ్యాధి’ అన్నది ఒకటి. ‘చర్మం మెత్తబడటం మొదలైతే జబ్బు తగ్గుముఖం పట్టినట్టే’ అన్నది రెండోది. అరుదైనదే, కాదనం. చర్మంతో ఆగిపోయే జబ్బు మాత్రం కాదు. రెండో మాట నమ్మి మందులు మానేసేవాళ్లున్నారు కాబట్టి అది ప్రమాదకరం కూడా. జవాబు రాసినవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. చోటు చాలక మిగిలిపోయిన సంగతులు చెబుదామనే ఈ ఉత్తరం. పొడుగైతే రెండు భాగాలుగా వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు.

జబ్బు పూర్తి పేరు సిస్టమిక్ స్క్లెరోసిస్. మగవాళ్లకంటే ఆడవాళ్లలో నాలుగైదు రెట్లు ఎక్కువ. చాలామందికి ముప్పై, యాభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఇందులో మూడు పనులు ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగుతాయి. సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే తిరగబడుతుంది. ఈ రెండింటి వెనకాల ఫైబ్రోసిస్, అంటే కణజాలం పీచుకట్టి గట్టిపడటం వస్తుంది. ఈ వరస గుర్తుపెట్టుకుంటే చికిత్స గురించి తర్వాత చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి రెండు పనులు నడుస్తున్నప్పుడు మందులకు పట్టు దొరుకుతుంది. మూడోది ముదిరాక అంతగా దొరకదు.

పీచు ఎలా కడుతుంది? కత్తిపీట మీద వేలు తెగిందనుకోండి. ప్లేట్‌లెట్లు చేరి రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. తెల్లకణాలు వచ్చి చెత్త ఊడుస్తాయి. ఆ తర్వాత ఫైబ్రోబ్లాస్టులనే కణాలు పనిలోకి దిగుతాయి. టీజీఎఫ్‌–బీటా అనే రసాయన సంకేతం అందగానే అవి మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. మయో అంటే కండ. కండరంలా ముడుచుకునే గుణం వచ్చి, అవి గాయం అంచుల్ని దగ్గరికి లాగుతాయి, కొల్లాజెన్‌ తంతులు పరిచి ఖాళీని పూడుస్తాయి. పని అయ్యాక తమంతట తామే చచ్చిపోతాయి. సన్నటి మచ్చ మిగులుతుంది, అంతే. సిస్టమిక్‌ స్క్లెరోసిస్‌లో తప్పిపోయేది ఈ ఆఖరి మెట్టే. గోడ కట్టిన మేస్త్రీ ఇంటికెళ్లకుండా కిటికీలు, గుమ్మాలు కూడా మూసేస్తూ పోయినట్టుంటుంది.

మేస్త్రీ ఎందుకు ఇంటికెళ్లడంటే, పని ఉందనే కబురు ఆగకుండా వస్తూంటుంది గనక. రక్తనాళాల లోపొర మళ్లీ మళ్లీ దెబ్బతినడంతో ప్లేట్‌లెట్లు అంటుకుని పీడీజీఎఫ్‌, టీజీఎఫ్‌–బీటా వదులుతాయి. నాళాన్ని బిగించే ఎండోథెలిన్‌ కూడా అక్కడే పుడుతుంది, అదీ ఫైబ్రోబ్లాస్టుల్ని ఎగదోస్తుంది. చుట్టూ చేరిన టి–కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్‌–4, 13, 6 వంటి సంకేతాలు పంపుతాయి. బి–కణాలు సొంత కణాల మీద యాంటీబాడీలు తయారుచేస్తాయి. నాళాలు ఇరుకై ఆక్సిజన్‌ తగ్గితే అది కూడా పీచుకట్టమనే సంకేతమే.

అన్నింటికంటే మొండిది ఇంకొకటుంది. కొత్తగా పరిచిన కొల్లాజెన్‌ తంతుల్ని లైసిల్‌ ఆక్సిడేజ్‌ అనే ఎంజైము ఒకదానికొకటి అడ్డంగా ముడివేస్తుంది. విడి పోగుల్ని తుంచొచ్చు గానీ ముడులు పడ్డ వలను తుంచలేం కదా, శరీరంలో కొల్లాజెన్‌ని కరిగించే ఎంజైములకీ అదే గతి. పైగా కణజాలం గట్టిపడేకొద్దీ ఆ గట్టిదనాన్నే ఫైబ్రోబ్లాస్టులు గాయంగా లెక్కేస్తాయి. టీజీఎఫ్‌–బీటా మామూలుగా కణాల మధ్య జాలికలో నిద్రాణంగా, కట్టేసి ఉంటుంది. గట్టి జాలికను మయోఫైబ్రోబ్లాస్టు లాగినప్పుడు ఆ కట్టు తెగి అది బయటికొస్తుంది. అది ఇంకొన్ని కణాల్ని మారుస్తుంది, అవి ఇంకా బిగిస్తాయి. ఈ దశకు వచ్చేసరికి రోగనిరోధక వ్యవస్థను అణిచినా, పీచు తన గట్టిదనంతో తానే నడుస్తూంటుంది. ‘ఆలస్యంగా వచ్చారు, ఇప్పుడు ఉన్నదాన్ని కాపాడుకోవడమే’ అని డాక్టరు అంటే ఆ మాట వెనక ఉన్నది ఇదే.

అయితే టీజీఎఫ్‌–బీటాని అడ్డుకుంటే సరిపోదా? అదీ చేసి చూశారు. 2007లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో దాని మీద యాంటీబాడీ ఇస్తే ఫలితం కనబడలేదు. 2015లో ఇంకొక యాంటీబాడీతో చర్మం మెత్తబడింది గానీ రక్తస్రావాలు, రక్తహీనత వచ్చిపడ్డాయి. పుండు మానడం దగ్గర్నుంచి రోగనిరోధకశక్తిని అదుపులో పెట్టడం దాకా టీజీఎఫ్‌–బీటాకి ఒంట్లో వంద పనులుంటాయి. దాన్ని పూర్తిగా నోరు మూయించడం కుదరదు.

ఇక గుర్తుపట్టడం. దాదాపు అందరిలో మొదట కనబడేది రేనాడ్‌: చన్నీళ్లు, చలిగాలి తగిలితే వేళ్లు పాలిపోయి, తర్వాత నీలమై, వేడెక్కాక ఎర్రబడి సలపడం. మన ఒంటిరంగు మీద ఈ మార్పు గోళ్లున్నవైపు సరిగా కనబడదు. అరచేతివైపు తిప్పి, వేళ్ల కొసలు చూడాలి. ‘తెల్లబడుతున్నాయా’ అని అడిగితే లేదంటారు. ‘మొద్దుబారి, సూదులు గుచ్చినట్టు ఉంటుందా, నల్లగా నీలంగా అవుతాయా’ అని అడిగితే అవునంటారు.

విశాఖలో దీనికి ఇంకో చిక్కుంది. ఈ ఉక్కపోతలో చలితో వచ్చే లక్షణం బయటపడదు. ఫ్రిజ్‌లోంచి పాలప్యాకెట్‌ తీసినప్పుడు, ఏసీ ఆఫీసులో కీబోర్డు మీద, ఏసీ బస్సులో, లేదా శీతాకాలం లంబసింగి వెళ్లినప్పుడు మాత్రమే కనబడి, ‘చలికి అంతే’ అని వదిలేసేలా ఉంటుంది. ఫిషింగ్‌ హార్బర్‌లో ఐసులోంచి చేపలు ఏరేవాళ్లు, రొయ్యల ఫ్యాక్టరీల్లో చల్లటి గదుల్లో తలలు తీసేవాళ్లు వేళ్లు మొద్దుబారడాన్ని ఉద్యోగంలో భాగమనుకుంటారు. ఐసు ఈ జబ్బు తెప్పించదు. ఉన్న జబ్బును బయటపెడుతుంది, వేలికొస పుండ్లను ఎక్కువ చేస్తుంది.

రేనాడ్‌ ఉన్న ప్రతివాళ్లకీ స్క్లెరోడెర్మా అని భయపడనక్కర్లేదు. టీనేజీలో మొదలై, రెండు చేతులకీ సమానంగా వచ్చి, పుండ్లు పడకుండా ఏళ్లతరబడి అలాగే ఉండేది చాలావరకు నిరపాయం. ముప్పై దాటాక కొత్తగా వచ్చినా, వేలికొసల మీద చిన్న గుంటలు, పుండ్లు పడినా, వేళ్లు ఉబ్బినా ఆలోచించాలి. ఆ ఉబ్బు చూడ్డానికి పెద్దగా ఉండదు. నిన్నటిదాకా తిరిగిన ఉంగరం దిగదు, గాజులు సబ్బు రాసినా ఎక్కవు, పొద్దున లేవగానే పిడికిలి బిగవదు. రేనాడ్‌తో పాటు ఈ ఉబ్బు, రక్తంలో ఈ జబ్బుకే చెందిన యాంటీబాడీలు రెండూ ఉంటే ఐదేళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పూర్తి జబ్బులోకి వెళ్తారని ఐరోపాలో మొదలైన పెద్ద పరిశీలనలో తేలింది. ఉంగరం బిగుసుకున్న ఆ కొన్ని నెలలే మందులకు దొరికే సమయం. మా ఉత్తరం మొత్తంలో ఒక్క వాక్యం వేసేందుకే చోటుంటే ఇదే వేయండి.

ఒంటిమీద రంగు మారడం ఇంకొక గుర్తు. నుదుటి దగ్గర, మెడమీద, ఛాతీ పైభాగాన చర్మం తెల్లబారి, వెంట్రుక కుదుళ్ల చుట్టూ మాత్రం నల్లచుక్కలు మిగులుతాయి, ఉప్పూ మిరియాలపొడీ కలిపి చల్లినట్టు. దీన్ని బొల్లి అనుకుని ఏడాది పూతమందులు వాడేవాళ్లున్నారు. వేలికొసలు అరిగి, పుండ్లు పడి, వేళ్లు వంకరపోతే కుష్ఠు అనుకోవడం ఇంకో పొరపాటు. కుష్ఠులో స్పర్శ పోతుంది, ఇందులో పోదు, నిజానికి పుండు విపరీతంగా నొప్పి పెడుతుంది.

పరీక్షల విషయంలో డబ్బు వృథా అయ్యేదీ, పనికొచ్చేదీ చెబుతాం. సొంత కణాల మీద తయారైన యాంటీబాడీలను వెతికే ఏఎన్‌ఏ పరీక్ష ఇమ్యునోఫ్లోరెసెన్స్‌ పద్ధతిలో, హెప్‌–2 కణాల మీద చేయించాలి. చవగ్గా వచ్చే ఎలైజా పద్ధతిలో ఈ జబ్బు యాంటీబాడీలు కొన్ని దొరక్కపోవచ్చు. ‘నెగటివ్‌’ అని కాగితం చేతికొస్తుంది, ఏ పద్ధతిలో చేశారో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. రిపోర్టులో ఎంత టైటర్‌ (యాంటీబాడీ ఎంత ఉంది), ఏ ప్యాటర్న్‌ అన్నవి ఉండాలి. పాజిటివ్‌ వస్తే మూడు యాంటీబాడీలు ముఖ్యం. సెంట్రోమియర్‌ ఉన్నవాళ్లకి చర్మం గట్టిపడటం వేళ్లు, ముఖం దాటి ఎక్కువ వెళ్లదు. అయితే ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరగొచ్చు. ఎస్‌సీఎల్‌–70 ఉంటే ఊపిరితిత్తులు పీచుకట్టే భయం ఎక్కువ. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌–3 ఉంటే చర్మం వేగంగా గట్టిపడుతుంది, కిడ్నీల మీద దెబ్బ పడే ముప్పు ఎక్కువ, అదే సమయంలో ఏదైనా క్యాన్సర్‌ దాగుందేమో కూడా చూడాలి.

గోరు మొదట్లోని కేశనాళికల్ని చూడటానికి లక్షల యంత్రం లేకపోయినా పర్లేదు. చర్మవైద్యుల దగ్గరుండే డెర్మటోస్కోప్‌ (చర్మాన్ని పెద్దది చేసి చూపే చిన్న పరికరం) చాలు. గోరు మొదట్లో ఒక చుక్క జెల్‌ గానీ నూనె గానీ వేసి, బొటనవేలు వదిలేసి మిగిలిన వేళ్లు, ముఖ్యంగా ఉంగరపువేలు, చిటికెనవేలు చూడాలి. మామూలుగా జడపిన్నుల్లా వరసగా నిలబడే నాళికలు ఇక్కడ లావుగా ఉబ్బి, అక్కడక్కడా రక్తపు చుక్కలతో, మధ్యలో ఖాళీలతో కనబడతాయి. పసుపు, మెహందీ పెట్టుకుంటే ఏమీ కనబడదు. రావడానికి ముందే చెప్పాలి.

జబ్బు తేలిన రోజే ఊపిరితిత్తులు చూడాలి, దగ్గు వచ్చేదాకా ఆగకూడదు. ఈ జబ్బులో ప్రాణాలు ఎక్కువగా పోయేది ఊపిరితిత్తుల దగ్గరే. చర్మం కొద్దిగా మాత్రమే గట్టిపడ్డవాళ్లకి కూడా అది రావచ్చు. ఛాతీ ఎక్స్‌రే నార్మల్‌ అని వదలకూడదు, తొలిదశ పీచు ఎక్స్‌రేలో పడదు. హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపే సీటీ స్కాన్‌) చేయించాలి, దానికి కాంట్రాస్ట్‌ ఇంజెక్షన్‌ అవసరం లేదు. వెల్లకిలా పడుకోబెట్టి తీసిన ఫొటోల్లో వీపువైపు అడుగున మసక కనబడితే అది పీచో, ఊరికే ఊపిరితిత్తి బరువుకు నొక్కుకుపోయిందో చెప్పలేం. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయమని రేడియాలజిస్టుకి చీటీలోనే రాసివ్వాలి. ఇక ఊదే పరీక్షలో ఎఫ్‌వీసీతో (నిండా పీల్చి బలంగా ఊదిన మొత్తం గాలి) పాటు డీఎల్‌సీఓ కూడా అడగండి. ఊపిరితిత్తిలోంచి గాలి రక్తంలోకి ఎంత దిగుతోందో చెప్పేది అదే. మామూలు స్పైరోమెట్రీలో అది రాదు. మొదటి కొన్నేళ్లు ప్రతి నాలుగైదు నెలలకి ఊదే పరీక్ష, ఏడాదికోసారి గుండెకి ఎకో, గుండె మీద పడే భారాన్ని చెప్పే ఎన్‌టీ–ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష చూసుకుంటూ పోవాలి.

రెండువైపులా అడుగున మసకలు, దగ్గు, బరువు తగ్గడం చూసి కఫంలో ఏమీ దొరక్కుండానే టీబీ మందులు మొదలుపెట్టడం కూడా జరుగుతూంటుంది. మన దేశంలో టీబీ అనుమానం రావడం తప్పేం కాదు. టీబీ లేదని తేల్చుకోకుండా రోగనిరోధకశక్తిని తగ్గించే మందులు ఇవ్వకూడదు కూడా. కానీ ఆర్నెల్ల టీబీ కోర్సు ‘చూద్దాం’ అని వాడితే ఆ ఆర్నెల్లూ పీచుకి కానుకగా ఇచ్చినట్టే. చేతులు చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

మందుల సంగతికొద్దాం. పీచును పూర్తిగా కరిగించి పాత ఊపిరితిత్తిని తెచ్చిపెట్టే మందు ఇప్పటికి లేదు. ఆపే మందులు, నెమ్మదించే మందులు ఉన్నాయి. 2006లో వచ్చిన మొదటి పెద్ద పరీక్షలో 158 మందిలో కొందరికి ఏడాదిపాటు రోగనిరోధకశక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్‌ మాత్ర ఇస్తే ఎఫ్‌వీసీలో సుమారు రెండున్నర శాతం తేడా కనబడింది. మందు ఆపిన ఏడాదికి ఆ తేడా కరిగిపోయింది. 2016లో 142 మందితో, అదే కోవకు చెందిన మైకోఫెనొలేట్‌ని రెండేళ్లు ఇచ్చి, ఏడాది సైక్లోఫాస్ఫమైడ్‌తో పోల్చారు. ఫలితం ఇంచుమించు సమానం, తెల్లకణాలు పడిపోవడం వంటి ఇబ్బందులు మైకోఫెనొలేట్‌లో తక్కువ. అందుకే ఇప్పుడు చాలామందికి మొదట రాసేది ఇదే.

మైకోఫెనొలేట్‌ మోఫెటిల్‌ని సాధారణంగా 500 మి.గ్రా. పొద్దున, రాత్రి మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి 500 పెంచుతూ రోజుకి 2 నుంచి 3 గ్రాములకు తీసుకెళ్తారు. ఒకేసారి పెంచితే విరేచనాలు, కడుపు తిప్పడం వచ్చి, ‘ఈ మందు పడలేదు’ అని మానేస్తారు. పడనిది మందు కాదు, తొందర. మందులషాపులో జరిగే పొరపాటు ఒకటుంది: మైకోఫెనొలేట్‌ సోడియం అని ఇంకో రకం దొరుకుతుంది, దాని 360 మి.గ్రా. మోఫెటిల్‌ 500తో సమానం. ‘రెండూ ఒకటేనమ్మా’ అని అంకె చూడకుండా మార్చి ఇస్తే డోసు తారుమారవుతుంది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్‌ సిరప్‌ దీంతో కలిపి తాగితే మందు ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రక్తకణాల పరీక్ష మొదట్లో రెండు వారాలకి, తర్వాత నెలకి, స్థిరపడ్డాక మూడు నెలలకి. గర్భం దాల్చే ఆలోచన ఉంటే కనీసం ఆరు వారాల ముందే ఆపి వేరే మందుకు మారాలి, ఎందుకంటే ఇది పిండానికి హాని చేస్తుంది. ఫలితం తెలియడానికి ఆరునెలలు పడుతుంది. రెండు నెలలకే తేడా లేదని మార్చమనడం తొందరపాటు.

నింటెడానిబ్‌ దారి వేరు. ఇది రోగనిరోధక వ్యవస్థ జోలికి పోకుండా పీడీజీఎఫ్‌ వంటి సంకేతాలు ఫైబ్రోబ్లాస్టు తలుపు తట్టే చోట అడ్డుపడుతుంది. 2019లో 576 మందితో చేసిన పరీక్షలో, ఏడాదిలో ఎఫ్‌వీసీ ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకి 93 మి.లీ. తగ్గితే, 150 మి.గ్రా. చొప్పున రోజుకి రెండుసార్లు ఈ మందు వాడినవాళ్లకి 52 మి.లీ. తగ్గింది. 41 మి.లీ. తేడా అంటే ఏం గొప్ప అనిపిస్తుంది, ఆ రోజు ఆయాసంలో తేడా తెలీదు కూడా. ఏటేటా పోయేదాంట్లో పదింట నాలుగు వంతులు మిగిలించుకోగలిగితే పదేళ్లకి అది చిన్నది కాదు అని చెప్పాలనుంది, కానీ పరీక్ష నడిచింది ఏడాదే; అంతవరకే నమ్మకంగా చెప్పగలం. చర్మం మీద ఏ ప్రభావమూ లేదు. నలుగురిలో ముగ్గురికి విరేచనాలు పడతాయి: అన్నం తిన్నాక వేసుకోవడం, లోపరమైడ్‌ దగ్గర ఉంచుకోవడం, కుదరకపోతే 100 మి.గ్రా.కి తగ్గించడం. లివర్‌ పరీక్షలు మొదటి మూడు నెలలు నెలనెలా. దీని జెనరిక్‌ మనదేశంలో దొరుకుతోంది. పీచు పెరుగుతూనే ఉంటే మైకోఫెనొలేట్‌తో కలిపి కూడా ఇస్తారు.

ఇంటర్‌ల్యూకిన్‌–6ని అడ్డుకునే టోసిలిజుమాబ్‌కి చిత్రమైన కథ ఉంది. చర్మం కోసం పరీక్షించారు, చర్మంలో గెలవలేదు. అదే పరీక్షలో ఊపిరితిత్తులు మాత్రం నిలబడ్డాయి. తొలిదశలో, రక్తపరీక్షలో వాపు (ఇన్‌ఫ్లమేషన్‌) గుర్తులు ఎక్కువున్నవాళ్లకి అది పనికొచ్చింది. 2021లో అమెరికాలో ఊపిరితిత్తుల కోసమే అనుమతి వచ్చింది. వారానికోసారి 162 మి.గ్రా. చర్మం కింద ఇంజెక్షన్‌. బి–కణాల్ని తొలగించే రిటుక్సిమాబ్‌ని జపాన్‌లో వారానికోసారి నాలుగు వారాలు ఇచ్చి చూస్తే చర్మం స్కోరు తగ్గింది. అదే 2021లో అక్కడ అనుమతించారు. ఈ రెండింటికీ ముందు టీబీ పరీక్ష, రిటుక్సిమాబ్‌కైతే హెపటైటిస్‌–బి పరీక్ష తప్పనిసరి. దాగున్న హెపటైటిస్‌–బి రిటుక్సిమాబ్‌ తర్వాత లేచి లివర్‌ని దెబ్బతీయగలదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మందులకు ముందే వేయించుకుంటే మంచిది, బతికున్న క్రిములతో చేసే (లైవ్‌) టీకాలు మందుల మీద ఉండగా వేయకూడదు.

మూలకణ మార్పిడి గురించి అడిగేవాళ్లు పెరిగారు. ఎంపిక చేసిన, తొలిదశలో వేగంగా ముదురుతున్న కొద్దిమందిలో అది మందులకంటే ఎక్కువ కాలం బతికించింది, నిజం. అయితే 2014లో వెలువడిన ఐరోపా పరీక్షలో మార్పిడికి ఎంపికైన 79 మందిలో ఎనిమిదిమంది చికిత్స వల్లే చనిపోయారు. గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లు దాన్ని తట్టుకోలేరు. పొగతాగేవాళ్లకి ఫలితమూ తక్కువే. బ్రోకర్లు చూపించే ‘స్టెమ్‌సెల్‌ ఇంజెక్షన్లు’ ఇది కాదు. రోగి టి–కణాల్నే బయట మార్చి తిరిగి ఎక్కించే సీఏఆర్‌–టి చికిత్సను జర్మనీలో చేసి 2024లో ప్రకటించిన 15 మందిలో ఈ జబ్బువాళ్లు నలుగురే. ఆశ కలిగించేదే గానీ ఇంకా తొలి అడుగులే.

ఇప్పుడు మొదట చెప్పిన రెండో మాటకి. ఒళ్లంతా గట్టిపడే రకంలో చర్మం మొదటి ఏడాది నుంచి మూడేళ్ల దాకా, కొందరికి ఐదేళ్ల దాకా బిగుస్తూ వెళ్లి, ఆ తర్వాత మందున్నా లేకున్నా తనంతట తాను కొంత మెత్తబడుతుంది. ఇది జబ్బు స్వభావం. ఆ సమయంలో ఏ నూనె రాసుకుంటే ఆ నూనెకి, ఏ కషాయం తాగితే ఆ కషాయానికి పేరు వెళ్తుంది. అల్లోపతీ ఏం తక్కువ తినలేదు. డి–పెనిసిలమైన్‌ని ఏళ్లతరబడి ఇదే భ్రమలో వాడారు. 1999లో 134 మందికి రోజుకి 750 నుంచి 1000 మి.గ్రా. ఇచ్చినా, రోజు విడిచి రోజు నామమాత్రంగా 125 మి.గ్రా. ఇచ్చినా తేడా లేదని తేలాక గానీ కళ్లు తెరుచుకోలేదు. చర్మం మెత్తబడటం మంచిదే, కానీ ఊపిరితిత్తులు దానితో పాటు వెనక్కి రావు. చర్మాన్ని 17 చోట్ల చిటికెతో పట్టి చూసి సున్నా నుంచి మూడు వరకు మార్కులేసి, మొత్తం 51కి లెక్కగట్టే స్కోరు తగ్గుతున్నా ఎఫ్‌వీసీ పడిపోతున్నవాళ్లుంటారు. చర్మం లెక్క, ఊపిరితిత్తుల లెక్క రెండూ విడిగా రాసుకోవాలి.

స్టెరాయిడ్ల గురించి గట్టిగా చెప్పాలి. కీళ్లనొప్పి, చేతుల వాపు చూసి రోజుకి 30, 40 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌ రాసేస్తారు, వాపు దిగుతుంది, రోగి సంతోషిస్తారు. రోజుకి 15 మి.గ్రా. దాటితే ఈ జబ్బులో కిడ్నీ సంక్షోభం వచ్చే ముప్పు పెరుగుతుంది. చర్మం వేగంగా గట్టిపడుతున్నవాళ్లకి, తొలి నాలుగైదేళ్లలో ఇది ఎక్కువ. బీపీ ఉన్నట్టుండి ఎగదన్నుతుంది, తలనొప్పి, చూపు మసక, ఫిట్స్‌, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ రోజురోజుకీ పెరగడం. అలాంటివాళ్లింట్లో బీపీ మిషను ఉండాలి, వారానికి కనీసం రెండుసార్లు చూసి రాసుకోవాలి. మామూలు కంటే పైఅంకె 30, కిందిఅంకె 20 పెరిగితే మర్నాటి ఓపీకి ఆగొద్దు. 110 ఉండే మనిషికి 140 వస్తే ‘నార్మలే కదా’ అనేవాళ్లుంటారు, ఆ మనిషికి అది నార్మల్‌ కాదు. ఆసుపత్రిలో ఏసీఈ ఇన్హిబిటర్‌ రకం మందు, ఎక్కువగా క్యాప్టోప్రిల్‌, చిన్న డోసుతో మొదలుపెట్టి గంటల లెక్కన పెంచుతారు. క్రియాటినిన్‌ పెరిగిందని ఈ మందు ఆపడం వేరే కిడ్నీ జబ్బుల్లో అలవాటు. ఇక్కడ ఆపితే కిడ్నీ పోతుంది. రాకుండా ముందుజాగ్రత్తగా అదే మందు వాడటం వల్ల మాత్రం ఉపయోగం కనబడలేదు.

ఇంట్లో చేసుకునేవి క్లుప్తంగా. రేనాడ్‌కి రక్తనాళాల్ని వదులుచేసే నిఫెడిపిన్‌ రిటార్డ్‌ వంటివి వాడతారు, చాలకపోతే టడలఫిల్‌, పుండ్లు మళ్లీమళ్లీ వస్తే బోసెంటాన్‌. బీపీకో మైగ్రేన్‌కో ప్రొప్రనొలాల్‌ వాడుతుంటే డాక్టరుకి చెప్పాలి, అది వేళ్లను ఇంకా చల్లబరుస్తుంది. బీడీ, సిగరెట్‌, గుట్కా పూర్తిగా మానాలి. ఐసు పని తప్పనివాళ్లు లోపల నూలు, పైన రబ్బరు గ్లౌజులు వేసుకుని, తడిసిన నూలువి గంటకోసారి మార్చుకోవాలి. వేలి పుండు మీద సున్నం, పసుపు పెట్టొద్దు. లోపల సున్నంలాంటి గడ్డ తగిలితే సూదితో తవ్వొద్దు. స్నానం అయిన మూడు నిమిషాల్లో, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ పారఫిన్‌ గానీ రాయాలి. వేళ్లు, పిడికిలి, నోరు తెరవడం రోజుకి రెండుపూటలా చాచి పది లెక్కపెట్టి వదలడం అలవాటు చేసుకోవాలి. నోట్లో ఎన్ని వేళ్లు నిలువునా పడుతున్నాయో నెలనెలా చూసుకుంటే చాలు, స్కేలు అక్కర్లేదు. అన్నవాహిక కదలిక మందగించి పుల్లటి తేనుపులు వస్తాయి. ఆ పులుపు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటలుండాలి, తలవైపు మంచం కోళ్ల కింద ఆరంగుళాల చెక్కదిమ్మెలు పెట్టాలి. రెండు దిండ్లు వేస్తే నడుము దగ్గర మడతపడి పులుపు ఇంకా పైకొస్తుంది.

ఆఖరున మగవాళ్ల సంగతి. ఈ జబ్బు మగవాళ్లలో తక్కువ కాబట్టి ఎవరూ అనుమానించరు. కానీ రాతిపొడిలోని సిలికా ఏళ్లతరబడి పీల్చడం దీన్ని తెచ్చిపెట్టగలదన్నది బాగా రుజువైన విషయం. అనకాపల్లి చుట్టుపక్కల క్రషర్లలో, టెక్కలి వైపు గ్రానైట్‌ కోత, పాలిష్‌ పనుల్లో ఉన్నవాళ్లకి వేళ్లు ఉబ్బితే, చలికి నీలమైతే దాన్ని పనిచేసే చేతుల మొరటుదనం అనుకోవద్దు. వీళ్లకి సిలికోసిస్‌, టీబీ, పీచు మూడూ ఒకే ఊపిరితిత్తిలో ఉండొచ్చు, సీటీ చూసేవారికి ఆ సంగతి ముందే తెలియాలి. ముక్కుకి కట్టుకునే తువ్వాలు సన్నటి సిలికాని ఆపదు; ఎన్‌95 రకం మాస్కు, కోసేచోట నీటిధార కావాలి. ఉత్తరాంధ్ర ఆసుపత్రుల ఓపీ చీటీలో వయసు, బరువు, బీపీల పక్కన ‘ఏం పని చేస్తారు, ఎన్నేళ్లుగా’ అని ఒక గడి చేర్చమని మా విన్నపం.

ఇట్లు,
కీళ్లు, చర్మం, ఊపిరితిత్తుల జబ్బులు చూసే కొందరు వైద్యులు,
విశాఖపట్నం